మూడు విమానాలు వదులుకుని నాలుగోది కొన్నాను

రెక్క కింద వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూస్తున్నాను. అడుగున రివెట్ల వరస వెంట, సిరా ఒలికి ఆరిపోయినట్టు నీలం చార ఒకటి కనిపించింది. జానెడు పొడవుంటుంది. గోటితో గీకితే నీలం పొడి రాలింది. మా చిన్న విమానాలు తాగే 100 ఎల్ఎల్ పెట్రోలులో నీలం రంగు కలుపుతారు. అది కారి, గాలికి ఆరిపోగా మిగిలేది ఆ చారే. అంటే, రెండేళ్లుగా నేను కలలుగంటున్న మూనీ విమానంలో ట్యాంకు కారుతోందన్నమాట.

"అదేం పెద్ద విషయం కాదండీ, మూనీలు అన్నాక ఎక్కడో ఒకచోట చెమరుస్తాయి," అన్నాడు అమ్మే ఆయన. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. ఈ మూనీ రెక్కలో విడిగా ట్యాంకు లేదు. రెక్క లోపలి గదికే సీలెంట్ పూసి ట్యాంకుగా వాడుకుంటారు. ఏళ్లు గడిచేకొద్దీ సీలెంట్ ఎండి బీటలు వారుతుంది. ఒకచోట అతుకు వేయొచ్చు. పాతదంతా గీకేసి మళ్లీ పూయించాలంటే మాత్రం విమానం చాలా రోజులు షెడ్డులోనే ఉండాలి, ఖర్చు కూడా గట్టిగానే అవుతుంది. లేచి చొక్కా దులుపుకుంటుంటే, ఈ విమానం మీద నాకున్న ప్రేమలో ఆ జానెడు మేర కరిగినట్టనిపించింది. మొత్తం మాత్రం పోలేదు.

కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను. నాకు ప్రైవేట్ పైలట్ లైసెన్సు వచ్చి నాలుగేళ్లయింది. అప్పటిదాకా అన్నీ అద్దె విమానాలే. శనివారం పొద్దున ఆకాశం అద్దంలా ఉంటుంది, విమానం ఇంకొకరి పేరు మీద ఉంటుంది. మనకి దొరికిన రోజేమో మబ్బు పట్టి ఉంటుంది. రెండు రోజులు ఎక్కడికైనా వెళ్లొద్దామంటే, ఎగిరినా ఎగరకపోయినా రోజుకి ఇన్ని గంటలని కట్టమంటారు. మనకంటే ముందు నడిపినవాడు ఎంత గట్టిగా దించాడో, ఇంజిన్ని ఎంత వేడెక్కించాడో ఎవరికీ తెలియదు. సొంతంగా ఒకటి ఉంటే బాగుండునన్న పురుగు అలా దొలవడం మొదలుపెట్టింది.

కొత్తది కొనే తాహతు లేదు, కాబట్టి పాతదే. ఇక్కడ పాతది అంటే కార్ల లెక్కలో పాతది కాదు. 1960లు, 70ల్లో తయారైన సింగిల్ ఇంజిన్ పిస్టన్ విమానాలు ఇప్పటికీ సుఖంగా ఎగురుతున్నాయి. సెస్నా కంపెనీ ఈ తరహా విమానాల తయారీని 1986లో ఆపేసి, పదేళ్ల తర్వాతగానీ మళ్లీ మొదలుపెట్టలేదు. అందుకే అమ్మకానికి వచ్చే వాటిలో ఆ ముందరి కాలం సరుకే ఎక్కువ కనిపిస్తుంది. వయసు చూసి భయపడటం నేను మొదటి నెలలోనే మానేశాను. భయపడాల్సినవి వేరే ఉన్నాయని తర్వాత తెలిసింది.

అందరిలాగే నేనూ ముందు ఎక్సెల్ షీటు తెరిచాను. వేగం, గంటకి పెట్రోలు, ఎంత బరువు మోస్తుంది, ఎంత దూరం వెళ్తుంది. అన్నిటికీ పైన మూనీ ఎం20జె. 1977లో వచ్చిన మోడల్. 200 హార్స్‌పవర్‌తో గరిష్ఠంగా గంటకి 201 మైళ్లు పోతుందని దానికి 201 అనే పేరు పెట్టారు. సన్నటి ఒళ్లు, ముందుకు వంగినట్టుండే తోక. చూస్తే చూడాలనిపిస్తుంది. వీ ఆకారం తోక ఉన్న బొనాంజాని కూడా కొన్నాళ్లు షీటులో ఉంచాను. ఆ తోక కదిలే భాగాలకి మెగ్నీషియం రేకు వాడారు, అది తుప్పు పడితే బదులు దొరకడం గగనమని తెలిశాక కొట్టేశాను. సిరస్ నా బడ్జెట్‌కి అందలేదు. పైగా దానికి మొత్తం విమానాన్నే మోసే పారాషూట్ ఉంటుంది, పదేళ్లకోసారి దాన్ని విప్పి కొత్తగా సర్దించాలి. గ్రమన్ టైగర్ అంటే నాకు ఇష్టమే కానీ, నేను వెతికిన ఎనిమిది నెలల్లో చూడదగ్గది ఒక్కటి కూడా అమ్మకానికి రాలేదు.

ఆ షీటు పట్టుకెళ్లి నాకు విమానం నేర్పిన సార్‌కి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండు నిమిషాలు చూసి, మడిచి నా చేతికే ఇచ్చేశారు.

"ఇది కాదు. నీ లాగ్‌బుక్ తీసుకురా."

"ఎందుకు సార్?"

"నువ్వు ఎలాంటి పైలట్‌వో ఈ షీటుకి తెలియదు. లాగ్‌బుక్‌కి తెలుసు."

ఆ రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. గడిచిన రెండేళ్లలో 71 సార్లు ఎగిరాను. 38 సార్లు ఒక్కణ్నే. 24 సార్లు పక్కన ఒకరు. ఏడు సార్లు ఇద్దరు. ముగ్గుర్ని ఎక్కించుకున్నది రెండంటే రెండే సార్లు. దూరాలు చూస్తే ఇంకా సిగ్గేసింది. ఒకే ఒక్కసారి 240 నాటికల్ మైళ్లు వెళ్లాను, మిగతావన్నీ 150 లోపే. ఖండాలు దాటేవాడిలా షీటు వేసుకున్నాను గానీ, నేను చేసేదల్లా పక్క ఊరు వెళ్లి టీ తాగి రావడం.

మర్నాడు అంకెలు చెబితే సార్ నవ్వలేదు. "ఇప్పుడు చెప్పు. నువ్వు కొనేది ఆ రెండు ట్రిప్పుల కోసమా, మిగతా అరవై తొమ్మిదింటి కోసమా?" అన్నారు అంతే.

150 నాటికల్ మైళ్ల లెక్క వేసి చూశాను. సెస్నా 172 లాంటిది 115 నాట్లతో, అంటే గంటకి 115 నాటికల్ మైళ్లతో, వెళ్తే 78 నిమిషాలు. మూనీ 155 నాట్లతో వెళ్తే 58 నిమిషాలు. తేడా ఇరవై నిమిషాలు. విమానం బయటికి లాగి, చుట్టూ తిరిగి పరీక్ష చేసి, పెట్రోలు పోయించి, ఇంజిన్ వేడెక్కేదాకా ఆగడానికే నాకు నలభై నిమిషాలు పడుతుంది. అయినా మనసు వినదు కదా. వెళ్లి మూనీ రెక్క కింద పడుకున్నాను.

మూనీ విషయంలో నీలం చార కంటే ఎక్కువ దెబ్బ కొట్టింది ఇన్సూరెన్సు. ఏజెంట్ అడిగిన మొదటి ప్రశ్న, "గేర్ ముడుచుకునే విమానం ఎన్ని గంటలు నడిపారు?" సున్నా అన్నాను. అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. అదే విలువున్న, చక్రాలు లోపలికి ముడుచుకోని విమానానికి చెప్పిన ప్రీమియానికి రెండింతల పైన చెప్పాడు. దాంతోపాటు ఒంటరిగా ఎగరడానికి ముందు ఇరవై అయిదు గంటలు ఇన్‌స్ట్రక్టర్‌తో నడపాలన్నాడు. న్యాయమే. చక్రాలు దించడం మర్చిపోయి పొట్ట మీద దిగిన విమానాలు ఎన్నో ఉన్నాయి. అలా దిగితే ప్రొపెల్లర్ నేలకి తగులుతుంది, ప్రొపెల్లర్ తగిలితే ఇంజిన్ విప్పాలి.

ఇంకో సంగతి నేనే కనిపెట్టి నేనే ఆశ్చర్యపోయాను. ఆ మూనీ కాగితాల ప్రకారం అది మోయగలిగిన బరువు 905 పౌండ్లు. ట్యాంకులు నిండా పోస్తే 64 గాలన్లు, గాలన్‌కి 6 పౌండ్ల చొప్పున 384 పౌండ్లు పెట్రోలుకే పోయాయి. మిగిలింది 521. అంటే నాలుగు సీట్ల విమానంలో ముగ్గురు మనుషులు, ఒక చేతిసంచి. పెట్రోలు తగ్గించుకుంటే నలుగురూ పడతారు, అది వేరే సంగతి. నాలుగు సీట్లున్నాయి కదా అని నలుగురు ఎక్కొచ్చని నేను ఇన్నాళ్లూ అమాయకంగా అనుకున్నాను. ఇది ఒక్క మూనీకే ఉన్న లోపం కూడా కాదు, చాలా చిన్న విమానాల సంగతి ఇంతే.

నలుగురినీ, సామాన్నీ, నిండు ట్యాంకుల్నీ మోయాలంటే సెస్నా 182 అంటారు. కాంటినెంటల్ కంపెనీ ఆరు సిలిండర్ల ఇంజిన్, 230 హార్స్‌పవర్, గంటకి పన్నెండు పదమూడు గాలన్లు తాగుతుంది. నేను చూసింది శుభ్రంగా, గంభీరంగా ఉంది. అమ్మే ఆయన లాగ్‌బుక్కులన్నీ స్కాన్ చేసి పంపించాడు. నాలుగు రాత్రులు వాటితోనే గడిచాయి. పాత లాగ్‌బుక్ చదవడం ఒక వ్యసనం అని అప్పుడే తెలిసింది. ఎవరి చేతిరాతో, ఎప్పటి సంతకాలో. మూడో రాత్రి ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఒకే తేదీన మూడు పనులు రాసున్నాయి. ముక్కు చక్రాన్ని మోసే కాలు, అంటే స్ట్రట్, బాగుచేశారు. ఇంజిన్ వెనక ఉండే ఫైర్‌వాల్‌కి అతుకు రేకు వేశారు. కొత్త ప్రొపెల్లర్ బిగించారు. ఎందుకు చేశారో ఎక్కడా ఒక్క ముక్క లేదు.

182కి ముక్కు బరువెక్కువ. దించేటప్పుడు సరిగ్గా లాగిపట్టకపోతే ముందు చక్రం మీదే పడుతుంది, ఫైర్‌వాల్ ముడతలు పడుతుంది. ఇది ఆ మోడల్‌కి అందరికీ తెలిసిన జబ్బు. ముక్కు నేలకి కొట్టి, ప్రొపెల్లర్ మార్చేంత పని పడితే ఇంజిన్ విప్పి లోపల చూడాలని తయారీదారే చెబుతాడు. ఇంజిన్ లాగ్‌బుక్ తిరగేశాను. ఆ తేదీకి అటూ ఇటూ ఏమీ లేదు. ఫోన్ చేసి అడిగితే, "అది నా ముందు ఓనర్ కాలంలోదండీ, నాకు తెలియదు," అన్నాడు. నిజమే కావచ్చు. తెలియనివాడి దగ్గర కొంటే తెలియనిదాన్ని నేనూ కొన్నట్టే. వదిలేశాను. దాని ట్యాంకులు రబ్బరు సంచుల్లాంటివి. వాటి అడుగున ముడతలు పడితే నీళ్లు అక్కడ దాక్కుని, కింద నుంచి తీసే నమూనాలో కనిపించవు. అది కూడా చూద్దామనుకున్నాను కానీ అంతదాకా వెళ్లాల్సిన పనే పడలేదు.

ఇక చెరొకీ. దీని గురించి చెప్పడానికి నాకు ఇప్పటికీ కొంచెం కష్టంగానే ఉంటుంది.

పైపర్ చెరొకీ 180. కింది రెక్క, లైకమింగ్ కంపెనీ ఓ-360 ఇంజిన్, 180 హార్స్‌పవర్. హ్యాంగర్ తలుపు తోసేసరికి తెల్లటి ఒంటి మీద ముదురు ఎరుపు గీతలతో మెరిసిపోతూ కనిపించింది. రంగు వేయించి అయిదేళ్లే అయింది. సీట్లు కొత్తవి. యజమాని వయసులో పెద్దాయన, చాలా మంచి మనిషి. కంటిచూపు తగ్గి పైలట్‌కి ఉండాల్సిన మెడికల్ సర్టిఫికెట్ పోవడంతో నాలుగేళ్లుగా ఎగరడం లేదు. వారానికోసారి వచ్చి తుడుచుకుని వెళ్తాడు. "నెలకోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు నడుపుతాను బాబూ, ఇంజిన్ పాడవకూడదని," అన్నాడు గర్వంగా. ఓవర్‌హాల్, అంటే ఇంజిన్ని పూర్తిగా విప్పి బాగుచేసి మళ్లీ కూర్చడం, అయ్యాక అది తిరిగింది 310 గంటలే. మళ్లీ ఓవర్‌హాల్ దాకా లైకమింగ్ వాళ్లు ఈ ఇంజిన్‌కి చెప్పేది 2,000 గంటలు. ఇంకా పదహారొందల పైచిలుకు మిగిలి ఉందని నేను లోలోపల ఎగిరి గంతేశాను.

నా మెకానిక్ అలాంటి గంతులు వేసే మనిషి కాదు. నలభై ఏళ్లుగా ఇదే పని. కొనే ముందు చేయించే పరీక్షకి అమ్మేవాడి మెకానిక్‌ని నమ్ముకోకు, ఆ విమానాన్ని ఎప్పుడూ ముట్టుకోనివాణ్ని తెచ్చుకో అని సార్ చెబితే ఆయన్ని పట్టుకున్నాను. ఆయన రంగు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. లాగ్‌బుక్ తెరిచి తేదీ మీద వేలు పెట్టాడు.

"310 గంటలు సరే. ఎన్నేళ్లలో?"

ఓవర్‌హాల్ జరిగి ఇరవై ఒక్క ఏళ్లు. లైకమింగ్ చెప్పేది 2,000 గంటలు ఒక్కటే కాదు, 2,000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందొస్తే అది. ఈ ఇంజిన్ ఏడాదికి సగటున పదిహేను గంటలు తిరిగింది. చివరి నాలుగేళ్లలో అదీ లేదు.

"లైకమింగ్‌లో క్యామ్‌షాఫ్ట్, అదే వాల్వ్‌లు తెరిపించే కడ్డీ, ఎక్కడుంటుందో తెలుసా? పిస్టన్లు తిప్పే క్రాంక్ పైన. ఇంజిన్ ఆపాక ఆయిలంతా కిందికి జారిపోతుంది. క్యామ్ మీద పొర మాత్రం మిగులుతుంది. నెలల తరబడి కదలకపోతే ఆ పొరా పోతుంది, తేమ చేరుతుంది, తుప్పు మొదలవుతుంది. మళ్లీ తిప్పినప్పుడు ఆ తుప్పు మీదే ట్యాపెట్, అంటే క్యామ్ తోసే చిన్న ముక్క, రాసుకుంటుంది, అరగదీస్తుంది. కాంటినెంటల్ వాళ్లది క్రాంక్ కింద ఉంటుంది, దానికి ఈ బాధ తక్కువ."

"నెలకోసారి స్టార్ట్ చేశారు కదా?"

"అదే ఇంకా చేటు. పది నిమిషాల్లో ఆయిల్ కాగదు. పెట్రోలు మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఆయిల్ బాగా కాగితే ఆ తేమ ఎగిరిపోతుంది. కాగలేదంటే లోపలే ఉండిపోతుంది. నెలనెలా కాసిని నీళ్లు పోసి మూతపెట్టినట్టే."

పెద్దాయన పక్కనే నిలబడి వింటున్నాడు. నాకు ఆయన మొహం వైపు చూడాలనిపించలేదు.

క్యామ్ ఎలా ఉందో కళ్లతో చూడాలంటే ఒక సిలిండర్ తీయాలి. యజమాని ఒప్పుకోలేదు. "బాగున్న ఇంజిన్ని విప్పుతారా?" అన్నాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ని. అప్పుడు మెకానిక్ ఆయిల్ ఫిల్టర్ విప్పాడు. డబ్బా మూత కోసే పనిముట్టు లాంటిదానితో దాని చుట్టూ కోసి, లోపలున్న మడతల కాగితాన్ని కత్తిరించి, బల్ల మీద పొడుగ్గా పరిచాడు. నల్లటి ఆయిల్‌తో తడిసిన మడతలు. ఒక్కో మడతా విప్పుతూ టార్చి పక్కనుంచి వేశాడు. నాలుగో మడతలో ఏదో తళుక్కుమంది. అయిదో దాంట్లో ఇంకొన్ని. చిన్న అయస్కాంతాన్ని పలచటి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి వాటి మీదుగా నడిపితే, సన్నటి మీసాల్లా లేచి అంటుకున్నాయి. అల్యూమినియం అయితే అంటుకోదు. అంటుకుంటే ఉక్కు. క్యామ్, ట్యాపెట్లు ఉక్కువే.

మెకానిక్ ఏమీ అనకుండా ఆ ప్లాస్టిక్ ముక్కని పెద్దాయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశాడు.

పైన పటారం లోన లొటారం అని పోలికకి వాడతాం గానీ, ఇక్కడ మోసం చేద్దామని ఎవరూ అనుకోలేదు. ప్రేమగా చూసుకున్నవాడే తెలియక పాడుచేశాడు. ఓవర్‌హాల్ ఖర్చు తగ్గించి ఇస్తే తీసుకుంటానన్నాను. ఆయనకి మనసొప్పలేదు. పరీక్షకి పెట్టిన డబ్బు పోయింది. ఇంట్లో మా ఆవిడ "అనవసరంగా పోయింది కదా" అంటే, "అనవసరంగా పోయేదాంట్లో ఇది ఇరవయ్యో వంతు కూడా కాదు" అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెద్దాయన విమానం కోసం కాదు, నేను గంతేసిన ఆ 310 అంకె కోసం.

చెరొకీతో ఇంకో చిక్కు కూడా ఉంది, అది మా అమ్మ మోకాళ్లు. తలుపు ఒక్కటే, కుడివైపు. రెక్క మీదికి ఎక్కి, వంగి, లోపలికి దూరాలి. అమ్మ ఒకసారి అద్దె పైపర్ ఎక్కినప్పుడు, దిగేటప్పుడు నన్ను పట్టుకున్న పట్టు నా భుజానికి ఇంకా గుర్తుంది. పై రెక్క సెస్నాకి రెండు వైపులా తలుపులు, మెట్టు మీద కాలు పెట్టి కూర్చోవడమే. ఇది ఎక్సెల్ షీటులో ఏ కాలమ్‌లోనూ లేదు.

ఆ తర్వాత నా చూపు మారిపోయింది. మోడల్ పేరు, రంగు, ఫోటోలు వదిలేసి, ప్రకటనలో ముందు రెండే వెతికేవాణ్ని. ఓవర్‌హాల్ ఏ సంవత్సరం, పోయిన ఏడాది ఎన్ని గంటలు ఎగిరింది. ఇవి రాయనివాళ్లకి ఫోన్ కూడా చేయలేదు. 172లు చాలా దొరుకుతాయి, ఆ మోడల్ తయారైనన్ని మరే విమానమూ తయారు కాలేదు. వాటిలో 1977 నుంచి 80 దాకా వచ్చిన 172ఎన్‌లో ఓ-320-హెచ్2ఏడీ అనే ఇంజిన్ ఉంటుంది, దానికి క్యామ్, ట్యాపెట్లు త్వరగా అరుగుతాయన్న చెడ్డపేరు ఉంది. తర్వాత సరిచేశారు, బాగా నడిపేవాళ్లు ఉన్నారు. కానీ క్యామ్ అన్న మాట వింటేనే నాకు అయస్కాంతం మీది మీసాలు గుర్తొచ్చేవి. పక్కన పెట్టేశాను.

నాలుగోది 172ఎం. 1970ల మధ్యలోది, 150 హార్స్‌పవర్. ఫోటోలో చూస్తేనే దిగులేసింది. రంగు వెలిసిపోయింది, రెక్క అంచుల్లో పెచ్చులు లేచాయి, లోపల ప్లాస్టిక్ అంతా పసుపు పట్టి పగిలింది. రేడియోల్లో ఒకటి పాతది. ఓవర్‌హాల్ అయ్యాక 1,240 గంటలు తిరిగింది. రెండు నెలల క్రితమైతే ఆ అంకె చూసి పేజీ తిప్పేసేవాణ్ని. ఇప్పుడు మాత్రం భాగించి చూశాను. తొమ్మిదేళ్లలో 1,240. ఏడాదికి దాదాపు 140 గంటలు. ఇద్దరు స్నేహితులు కలిసి కొనుక్కుని, ఒకరు కాకపోతే ఒకరు వారం వారం ఎగిరారు. ఒకాయనకి బదిలీ అయింది, అందుకే అమ్ముతున్నారు.

పరీక్ష రోజు నేను కూడా చెయ్యి వేశాను. కంప్రెషన్ చూసేటప్పుడు సిలిండర్‌లోకి 80 పౌండ్ల గాలి వదులుతారు, ఎంత నిలబడుతుందో చూస్తారు. "ప్రొపెల్లర్ గట్టిగా పట్టుకో, వదిలావంటే చెయ్యి విరుగుతుంది," అన్నాడు మెకానిక్. ఆ గాలి ఒత్తిడికి అది నిజంగానే బతికున్నదానిలా గుంజింది. 76, 74, 77, నాలుగోది 71. నా మొహం చూసి, "ఆగు" అని ఆయిల్ పోసే గొట్టం దగ్గర చెవి పెట్టాడు. నన్నూ వినమన్నాడు. సన్నగా బుసబుస. "రింగుల్లోంచి పోతోంది, ఇది పరవాలేదు. ఇదే చప్పుడు ఎగ్జాస్ట్ గొట్టంలోంచి వస్తే వాల్వ్ కాలుతున్నట్టు, అప్పుడు టెన్షన్ పడు." బోరోస్కోప్ అనే సన్నటి కెమెరా లోపలికి పెట్టి ఎగ్జాస్ట్ వాల్వ్‌లు ఫోన్ తెరపై చూపించాడు. మంచి వాల్వ్ మీద రంగు మధ్య నుంచి అంచుదాకా గుండ్రంగా, సమంగా ఉంటుంది. కాలుతున్నదానికి ఒక పక్క అంచు మాత్రం రంగు మారి, కొరికిన అప్పడంలా కనిపిస్తుంది. నాలుగూ గుండ్రంగానే ఉన్నాయి. ఫిల్టర్ మడతల్లో నల్లటి మసి తప్ప ఏమీ లేదు. నేను రెండుసార్లు అయస్కాంతం తిప్పాను.

లోపాలు లేవని కాదు. తోక లోపల ఎలుక గూడు దొరికింది. ఎలుక గూడు చూసి నవ్వాను గానీ ఆయన నవ్వలేదు. ఎలుక మూత్రం అల్యూమినియాన్ని తినేస్తుందట. గూడు తీసి, కడిగి, అద్దం పెట్టి చూస్తే రంగు పోయిందే తప్ప గుంటలు పడలేదు. సీటు పట్టాలు మాత్రం బాగా అరిగాయి. సెస్నాల్లో ఇది చిన్న విషయం కాదు. పట్టా మీద చిల్లులు సాగిపోతే సీటు పిన్ను సరిగ్గా కూర్చోదు. టేకాఫ్‌లో ముక్కు పైకి లేచినప్పుడు సీటు ఒక్కసారిగా వెనక్కి జారితే, పైలట్ చేతిలో ఉన్న కంట్రోల్‌నే పట్టుకుని వేలాడతాడు, విమానం ఇంకా నిలువుగా లేస్తుంది. మనుషులు పోయారు. అందుకే ఆ పట్టాల్ని క్రమం తప్పకుండా పరీక్షించాలని ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్, అంటే తప్పనిసరిగా పాటించాల్సిన భద్రతా ఆదేశం, ఉంది. పట్టాలు మార్చి ఇవ్వాలని అడిగాం, ఒప్పుకున్నారు. పాత రేడియోని మాత్రం నేనే భరించుకున్నాను.

బరువు లెక్క కూడా కాగితంతో సరిపెట్టకుండా తూకం వేయించాను. ఖాళీ విమానం 1,437 పౌండ్లు, కాగితం మీదున్నదానికంటే పంతొమ్మిది ఎక్కువ. గరిష్ఠం 2,300. మిగిలిన 863లో, వాడదగ్గ 38 గాలన్ల పెట్రోలుకి 228 తీసేస్తే 635. ముగ్గురం, మా సంచులు. నాలుగో మనిషి వస్తే పెట్రోలు తగ్గించాలి. ఆ రెండు ట్రిప్పుల సంగతి అప్పుడు చూసుకుందాం అనుకున్నాను.

డబ్బు ఇచ్చే ముందు రిజిస్ట్రీలో ఆ విమానం మీద ఎవరికైనా అప్పు తాకట్టు ఉందేమో చూపించాను. లేదు. ధర దగ్గర పెద్దగా గింజుకోలేదు. ఇంజిన్‌కి ఇంకా 760 గంటలే లెక్కలో ఉన్నాయి కాబట్టి, అది ధరలో ముందే తగ్గి ఉంది. ఎగిరిన ప్రతి గంటకీ ఇంత అని ఓవర్‌హాల్ కోసం వేరే ఖాతాలో వేస్తున్నాను. చాలామంది ఈ లెక్క వేయరు. పెట్రోలు డబ్బులే విమానం ఖర్చు అనుకుంటారు. హ్యాంగర్, ఇన్సూరెన్సు, ఏడాదికోసారి చేసే తనిఖీ, ఇవి నువ్వు ఎగరకుండా ఇంట్లో పడుకున్నా వస్తూనే ఉంటాయి. ఏడాదికి వంద గంటలు ఎగరనివాడికి అద్దెదే నయమని మా వాళ్లలో ఒక మాట ఉంది. నేను మొదటి ఏడాది 92 ఎగిరాను, కాబట్టి లెక్క ప్రకారం నష్టపోయాను.

మూడో నెలలో దిగుతుంటే ముక్కు చక్రం పిచ్చెక్కినట్టు గడగడా ఊగింది. అమ్మ పక్క సీట్లో ఉంది. "ఇదేంట్రా, ఊడిపోతుందా?" అంది. ఆ ఊగుడుని ఆపే షిమ్మీ డ్యాంపర్ అరిగింది, బాగుచేయించాను. వాన పడితే పైలట్ తలుపు సందులోంచి సరిగ్గా నా ఎడమ మోకాలి మీదే చుక్కలు పడతాయి. రెండుసార్లు రబ్బరు మార్చాను, ఇంకా పడుతూనే ఉన్నాయి. రంగు వేయించే ఆలోచన ఇప్పట్లో లేదు.

ఆ మూనీ మా వరసలోనే, నాలుగు హ్యాంగర్ల అవతల ఉంటుంది. ఎవరో కుర్రాడు కొన్నాడు. మొన్న తలుపు తీసి ఉంటే పలకరించి, మాటల్లో పడి, ఊరికే వంగి రెక్క కింద చూశాను. చార ఇప్పుడు మూరెడు అయింది.

"అది పెద్ద విషయం కాదండీ," అన్నాడా అబ్బాయి.